సమస్య: "లేని బాణ మొకటి కానవచ్చె"

నిర్వాహకుడు: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రలవి), లేని–కాన ప్రాసయతి (రెండో అక్షరాల పోలిక). వస్తువు: ప్రకటనల్లో, రోజూ వాడే వస్తువుల్లో కనబడే గీతల నేర్పు. రాముడి బాణం, అర్జునుడి బాణం ఈసారి వద్దు. లేనిది ఎట్లా కనబడిందో మొదటి మూడు పాదాల్లోనే తేలాలి.

హనుమకొండ:
సరుకు మోయు సంస్థ చక్కని పేరులో
జంట యక్షరంబు లంటియుండ
రెంటి నడిమి తెలుపు కంటితో వెదకిన
లేని బాణ మొకటి కానవచ్చె!

ఇది ఫెడెక్స్ గుర్తు. పెద్ద 'ఈ'కి, చిన్న 'ఎక్స్'కి నడుమ మిగిలిన తెల్లచోటే కుడివైపు చూసే బాణం. 1994లో లాండర్ అనే డిజైన్ సంస్థలో లిండన్ లీడర్ గీసింది. యూనివర్స్, ఫ్యూచురా అనే రెండు ఫాంట్ల పోలికలు కలిపి, బాణం సూటిగా వచ్చేదాకా అక్షరాలను సవరించాడు.

నిర్వాహకుడు: పూరణ నిలబడింది. ఒక్క "చక్కని" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. పేరు చక్కగా ఉంటే బాణానికి ఒరిగేదేముంది? "సరుకు మోయు సంస్థ సంకేతమందున" అనండి. గణాలు, యతి రెండూ కుదురుతాయి, చెప్పదలచింది సూటిగా వస్తుంది.

కాజీపేట: "నడిమి తెలుపు" అన్నది అసలు ప్రాణం అన్నా. ఇట్లాంటి గుర్తులు మన ఫ్లెక్సీల్లో చెడేది కూడా అక్కడే. ఎత్తుగా కనబడాలని అక్షరాల చుట్టూ స్ట్రోక్ (అంచుగీత) వేస్తారు, కింద నీడ పెడతారు. రెండూ ఆ సందులోకే పాకుతాయి, బాణం పూడిపోతుంది. విజిటింగ్ కార్డు సైజుకు తగ్గించినా సిరా పాకి సందు మూసుకుపోవచ్చు. ఆర్డర్ ఇచ్చేముందు అసలు సైజులో ఒక కాపీ తీసి, చేయి చాచి పట్టుకుని చూడాలి. బాణం పోతే గుర్తును పెంచాలి, లేదా దాని చుట్టూ ఏమీ పెట్టకుండా వదిలేయాలి.

పరకాల:
బండి నడుపుచోట బంకుబొమ్మకుఁ జెంత
చిన్న ముక్కు తిరిగి చెప్పు దిక్కు
ఏళ్లు నడిపినట్టి యీ బండి లోపల
లేని బాణ మొకటి కానవచ్చె!

కారు డయల్‌లో పెట్రోలు గుర్తు పక్కనుండే చిన్న త్రికోణం. ట్యాంకు మూత ఎటుందో చెబుతుంది. ఫోర్డ్ కంపెనీలో జిమ్ మోయ్లన్ 1986లో ఇచ్చిన ఆలోచన.

నిర్వాహకుడు: "చిన్న ముక్కు తిరిగి" మస్తుగుంది సారూ, త్రికోణం కళ్ళకు కట్టింది. కానీ ఆ బాణం డయల్ మీద అచ్చయి ఉన్నదే. మీరు చూడకపోవడం వేరు, అది లేకపోవడం వేరు. సమస్యలోని "లేని"కి సమాధానం రాలేదు.

హనుమకొండ: ఇంకో మాట. బంకుబొమ్మలో పైపు ఏ పక్కన వేలాడుతుందో దాన్నిబట్టి మూత అటే ఉందనుకుంటారు చాలామంది. అన్ని కార్లలో అది కుదరదు. త్రికోణాన్నే నమ్మాలి.

జనగామ:
రేకు మీద గీసి రేఖపైఁ గోసిన
బాణమంత ముక్క పడియె నేల
గోడఁ జేర్చి రంగు గొట్టి రేకును దీయ
లేని బాణ మొకటి కానవచ్చె!

నిర్వాహకుడు: ఈ వారం మేటి పూరణ ఇదే. రేకులో పోయిన బాణం గోడ మీద తేలింది. మూడు పాదాల్లో పని మొత్తం వరుసగా నడిచింది, ఒక్క మాట వృథా లేదు.

కాజీపేట: అక్కా, బాణం కాబట్టి ఒక్క కోతకు తెగింది. అదే రేకులో "వరంగల్" కోస్తే సున్నా నడిమి బిళ్ళ కూడా రాలిపోతుంది, గోడ మీద సున్నా బదులు ముద్దచుక్క పడుతుంది. 'ఠ' లోపలి చుక్కది ఇంకో తంటా: చుట్టూ కోస్తే చుట్టుగీతకూ, చుక్కకూ నడుమ రేకు నిలవదు. పది సెంటీమీటర్ల అక్షరమైతే 4–5 మి.మీ. పట్టీలు రెండుచోట్ల ఎదురెదురుగా కోయకుండా వదలాలి. ఒక్కటే వదిలితే బిళ్ళ ఊగి, గోడకు ఆనదు.

జనగామ: పట్టీ నిలువుగా వదలండి. పక్కలకు వదిలితే సున్నా రెండు అర్ధచంద్రాలై, ఒకటి పైన, ఒకటి కింద పడి అక్షరం గుర్తుపట్టలేం. రంగు ఒకేసారి తడిసిపోయేట్టు కొట్టొద్దు, రంగు రేకు అంచు అడుగుకు పాకుతుంది. స్ప్రే డబ్బాను జానెడు దూరంలో పట్టుకుని పలచగా రెండుసార్లు కొట్టండి, మొదటిది ఆరినాకనే రెండోది.

పరకాల: నా పూరణ వెనక్కి తీసుకుంటున్నా. లోపల ఖాళీ వదిలిన గుర్తు పట్టుకుని రేపు మళ్ళీ రాస్తా.