భార్యను కొట్టే మగవారికి మార్పు శిక్షణ: కోర్టు ఆదేశించాలా, వద్దా?

తుంగభద్ర (కర్నూలు)

పదహారేళ్లుగా గృహహింస కేసులు వాదిస్తున్నాను, ఎక్కువగా భార్యల తరఫున. చాలాకాలంగా నన్ను వదలని ఒక ప్రశ్నను ఈ చర్చా వేదిక సభ్యుల ముందు పెడుతున్నాను. భార్యను కొట్టిన భర్తను మన చట్టం ఇంట్లోంచి బయటికి పంపగలదు, భరణం కట్టించగలదు, రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైల్లో పెట్టగలదు. అతన్ని కూర్చోబెట్టి, చేయి ఎందుకు లేస్తోందో అతనికే తెలిసేలా నెలల తరబడి పనిచేసే ఏర్పాటు మాత్రం నేను వాదించిన ఏ కోర్టులోనూ కనిపించలేదు. ఆమె విడిపోతే అతను మరో పెళ్లి చేసుకుంటాడు. ఐదేళ్ల తేడాతో ఇద్దరు స్త్రీలు నా దగ్గరికి వచ్చి ఒకే మనిషి మీద కేసు వేయించిన సందర్భం నా అనుభవంలో ఉంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో ఇలాంటివారికి ప్రవర్తన మార్పు శిక్షణలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. మన దగ్గర కూడా మెజిస్ట్రేటు వీటిని తప్పనిసరిగా ఆదేశించాలని నా వాదన.

చట్టంలో దీనికి చోటు ఉంది. 2005 గృహహింస చట్టం 14వ సెక్షను ప్రకారం మెజిస్ట్రేటు భర్తను గానీ, భార్యను గానీ, ఇద్దరినీ కలిపి గానీ కౌన్సెలింగుకు పంపవచ్చు. తర్వాతి వాయిదా రెండు నెలలు దాటకూడదు. 2006 నాటి నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. తాను చేసిన హింసకు ఫలానా కారణం ఉందని చెప్పుకునే అవకాశం కౌన్సెలింగులో భర్తకు ఇవ్వకూడదు, ఆ సంగతి కౌన్సెలింగు మొదలుకాకముందే అతనికి తెలియజేయాలి, హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడమే ఆ కూర్చోవడానికి ఉద్దేశం. ఇంత మంచి నిబంధన పుస్తకంలో ఉండగా, నేను చూసిన కౌన్సెలింగులలో మూడొంతులు "ఏమ్మా, ఎందుకు కొట్టాడు?" అన్న ప్రశ్నతోనే మొదలయ్యాయి.

గోరువంక (నెల్లూరు జిల్లా)

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా మండలంలో భార్యాభర్తల తగాదాలకు పెద్దమనిషిగా చాలాసార్లు కూర్చున్నాను. తుంగభద్ర గారి ఉద్దేశం మంచిదే గానీ, కోర్టు మెట్లు ఎక్కిన కాపురం తిరిగి నిలబడడం అరుదు. అంతకు ముందే ఊరి పెద్దలు, ఒక టీచరు, ఒక డాక్టరు కలిసిన సంఘం ఇద్దరినీ పిలిచి మాట్లాడితే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయని నా అనుభవం. ఇంకొక సంగతి: కొట్టడానికి మూలం తాగుడు. 1992లో మా జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతో నడిచిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ఊరికే కాదు. వారికి శిక్షణ తరగతులు అక్కరలేకపోయింది. సారా పోతే మొగుడి దెబ్బలు తగ్గుతాయని వారికి తెలుసు. మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ దారి వదిలేసి, ఎక్కడో తయారైన పాఠాలు తెచ్చి కూలి పనికి వెళ్లి వచ్చినవాడికి సాయంత్రం చెబుతామంటే వాడు వస్తాడా? వచ్చిన రోజు కూలి ఎవరిస్తారు? ఆమె తిండి కూడా ఆ కూలిలోంచే రావాలి కదా.

మంజీర (మెదక్)

గోరువంక గారూ, మా ఆయన తాగడు.

ఇక్కడ ఇన్నేళ్లుగా చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. నా పెళ్లయి పన్నెండేళ్లు, విడిగా ఉండడం మొదలై మూడేళ్లు. విడిపోకముందు రెండేళ్లలో మూడుసార్లు మమ్మల్ని ఠాణాలో కౌన్సెలింగుకు కూర్చోబెట్టారు. మొదటిసారి ఆయన ఇకమీదట కొట్టనని తెల్ల కాగితం మీద రాసి సంతకం చేశారు, నేను ఇకమీదట ఎదురు మాట్లాడనని రాసి సంతకం చేశాను. రెండు కాగితాలనూ ఒకే పిన్నుతో కలిపి కుట్టారు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ పిన్ను నా నేరాన్నీ ఆయన నేరాన్నీ సమానం చేసింది.

ఆ కౌన్సెలింగుల వల్ల ఆయన నేర్చుకోలేదని అనను. మొదటిదాని తర్వాత ముఖం మీద దెబ్బ పడలేదు. వీపు మీద పడేది. మూడోదాని తర్వాత కొట్టడం పూర్తిగా మానేశారు. అప్పటినుంచి నా ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉండేది, మా అమ్మ ఫోన్ చేస్తే స్పీకరులో పెట్టి మాట్లాడాలి, కూరలకు వెళ్లి వచ్చేటప్పటికి ఎంతసేపయిందో గడియారం చూసి చెప్పేవారు. నేను ఏడిస్తే పిల్లల ముందు నిలబెట్టి "నేను కొట్టానా? చెప్పు, కొట్టానా?" అని అడిగేవారు. తుంగభద్ర గారూ, మీరు అడిగే శిక్షణ ఇలాంటి మనిషికి ఇంకా తెలివి నేర్పి, చేతికి ఒక ధ్రువపత్రం కూడా ఇస్తే, ఆ కాగితాన్ని ఆయన పిల్లల కస్టడీ కేసులో జడ్జి గారి ముందు పెడతారు. నేను దీనికి వ్యతిరేకం.

పాలపిట్ట (బర్మింగ్‌హామ్, స్వస్థలం తణుకు)

మంజీర గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు ఆగి ఈ జవాబు రాస్తున్నాను. నేను ఇక్కడ ఇలాంటి ఒక శిక్షణలో భార్యల వైపు పనిచేస్తాను, అంటే మగవారితో కాదు, వారు ఎవరిని కొట్టి వచ్చారో ఆ స్త్రీలతో. మీ భయం మా వృత్తిలో అందరికీ తెలిసిన భయమే, అందుకే నా ఉద్యోగం అనేది ఒకటి ఉంది.

ఈ శిక్షణల్లో పేరున్నది అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, డులూత్ అనే ఊళ్లో 1981లో మొదలైంది. దాని పునాది మగవారి మాటల మీద వేయలేదు. దెబ్బలు తిన్న స్త్రీలను కూర్చోబెట్టి మీ ఇంట్లో ఏం జరుగుతుందని అడిగితే, వారు చెప్పినవాటిని ఒక చక్రంలా గీశారు. చక్రం నడుమ అధికారం, అదుపు. ఆకుల్లో బెదిరించడం, డబ్బు తన చేతిలో పెట్టుకోవడం, పుట్టింటికీ స్నేహితులకూ దూరం చేయడం, పిల్లలను అడ్డుపెట్టుకోవడం, జరిగిందేమీ లేదని కొట్టిపారేయడం. దెబ్బ ఆ చక్రం చుట్టూ ఉన్న పట్టీ మాత్రమే. మీ ఏటీఎం కార్డు, స్పీకరు ఫోన్, గడియారం మూడూ ఆ చక్రంలో ఉన్నాయి. కోపం తగ్గించుకునే తరగతులకూ ఈ శిక్షణకూ తేడా అక్కడే ఉంది. మీవారికి కోపం అదుపులో లేక కాదు, ముఖం వదిలి వీపు మీద కొట్టగలిగినవారికి అదుపు బాగానే ఉంది.

ఫలితాల సంగతి దాచకుండా చెప్పాలి. బ్రిటన్‌లో మిరాబల్ అనే పేరుతో జరిగిన పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. శిక్షణకు ముందు తమను చెంపదెబ్బ కొట్టడం, నెట్టడం, వస్తువులు విసరడం జరిగిందని 87 శాతం స్త్రీలు చెప్పగా, శిక్షణ మొదలైన ఏడాదికి ఆ మాట చెప్పినవారు 7 శాతం. ఆయుధం వాడారన్నవారు 29 శాతం నుంచి సున్నాకు వచ్చారు. కానీ అదుపులో పెట్టుకునే గుణం అంతగా తగ్గలేదు. మంజీర గారు తన ఇంట్లో చూసినది సరిగ్గా ఇదే, దెబ్బ పోయి పట్టు మిగలడం.

కుంకుడుచెట్టు (హైదరాబాదు)

పాలపిట్ట గారు చెప్పిన అంకెలు శిక్షణలో ఉన్న జంటలవి. మధ్యలో మానేసినవారిని పక్కన పెడితే ఏ శిక్షణ అయినా గొప్పగానే కనిపిస్తుంది. గణాంకాలతో పనిచేసేవాణ్ణి కనుక లాటరీ వేసినట్టు రెండు గుంపులుగా పంచి చూసిన అధ్యయనాలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో శిక్ష పడిన 404 మంది మగవారిని అలా పంచారు. ఒక గుంపుకు కోర్టు పర్యవేక్షణతో పాటు 26 వారాల డులూత్ తరహా శిక్షణ, రెండో గుంపుకు పర్యవేక్షణ మాత్రమే. ఏడాదిలో మళ్లీ అరెస్టయినవారు రెండు గుంపుల్లోనూ 24 శాతమే. 2004లో 22 అధ్యయనాలను కలిపి తూచిన మరో పరిశోధన, అరెస్టు, శిక్ష మాత్రమే ఎదుర్కొన్న మనిషి కన్నా, వాటితో పాటు శిక్షణకూ వెళ్లిన మనిషి చేతిలో ఆమె మళ్లీ దెబ్బలు తినే అవకాశం 5 శాతం మాత్రమే తక్కువని తేల్చింది. ఐదు శాతం కోసం కోర్టు ఆదేశమా?

పాలపిట్ట

కుంకుడుచెట్టు గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. బ్రోవార్డ్ అధ్యయనంలోనే ఇంకొకటి ఉంది. తరగతులకు ఎగ్గొట్టినవారు ఎక్కువగా మళ్లీ అరెస్టయ్యారు, ఉద్యోగం వంటి పోగొట్టుకునేది ఏదో ఒకటి ఉన్నవారు తక్కువగా దొరికారు. అంటే ఎగ్గొట్టడమే ఒక హెచ్చరిక. నా పని ఆ హెచ్చరికను ఆమెకు చేరవేయడం. భర్త తరగతికి రాని రాత్రి నేను ఆమెకు ఫోన్ చేస్తాను. అతను మానేసినా ఆమెతో నా పని ఆగదు, విడిపోయినా ఆగదు. అతను తరగతిలో ఏదైనా బెదిరింపు మాట అంటే అది నాకు తెలుస్తుంది, ఆమె నాతో చెప్పినది మాత్రం అతని చెవిన పడదు. ఇద్దరినీ ఒకే గదిలో ఎప్పుడూ కూర్చోబెట్టం. ఈ మాటలన్నీ ముందే చెప్పి, ఒప్పుకుంటేనే అతన్ని చేర్చుకుంటాం. ఐదు శాతమని మీరు చిన్నచూపు చూసే ఏర్పాటు ఆమె ప్రాణానికి కాపలాగా కూడా పనిచేస్తుంది, అది అరెస్టుల లెక్కలో పడదు.

తుంగభద్ర

ఈ చర్చ మొదలుపెట్టినప్పటి వాదనను నేను కొంత మార్చుకోవలసి వచ్చింది. కానీ ముందు గోరువంక గారికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆయన అన్నది మన కోర్టుల్లో చాలామంది నమ్మే మాట. పెద్దల సంఘం ముందు ఫిర్యాదు పెట్టాలన్న ఆలోచనను సుప్రీంకోర్టే ఒకసారి చేసి చూసింది. 2017 జూలైలో 498-ఏ, అంటే భర్త, అత్తింటివారి వేధింపుల మీద పెట్టే ఫిర్యాదులన్నీ ముందుగా కుటుంబ సంక్షేమ సంఘాలు పరిశీలించాలని ఆదేశించింది. ఆ ఆదేశం చట్టంలో లేని అధికారాన్ని బయటివారికి ఇస్తోందని 2018 సెప్టెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తీసివేసింది. ఆ సంఘాల్లో కూర్చునేది మనమే. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగిన ఏడు కారణాలలో, అంటే చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివాటిలో, కనీసం ఒకదానికైనా భర్త కొట్టడం సబబేనని మన రెండు రాష్ట్రాల్లో దాదాపు 84 శాతం మంది ఆడవాళ్లే చెప్పారు. పెద్దమనిషి, కౌన్సెలరు, కానిస్టేబులు, చివరికి వకీలు కూడా ఆ ఇళ్లలోంచే వస్తారు. మంజీర గారి రెండు కాగితాలు ఒకే పిన్ను కిందికి వచ్చింది అందుకే.

కూలి ప్రశ్నకు జవాబు మాత్రం నా దగ్గర లేదు. ఆదివారం పెట్టవచ్చు, జిల్లాకు ఒకచోట కాక మండలానికి ఒకచోట పెట్టవచ్చు, అయినా అది నిజమైన అడ్డంకే.

ఇప్పుడు నేను కోరేది ఇది. శిక్షణ రక్షణ ఉత్తర్వు ఇచ్చిన తర్వాతే రావాలి, దానికి బదులుగా ఎన్నడూ రాకూడదు. శిక్షణకు వెళ్లాడు కనుక కేసు వెనక్కి తీసుకోమని, బెయిలు ఇవ్వమని, పిల్లలను చూపించమని ఎవరూ అడగకూడదు. అతనికి ధ్రువపత్రం ఇవ్వకూడదు, హాజరు పట్టీ నేరుగా మెజిస్ట్రేటుకే వెళ్లాలి. పాలపిట్ట గారి ఉద్యోగం లేని చోట శిక్షణే పెట్టకూడదు. ఏడాది తర్వాత మారాడా లేదా అని అతన్నో, శిక్షకుణ్ణో కాదు, ఆమెను విడిగా అడగాలి. కొట్టాడా అని మాత్రమే అడిగితే చాలదు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, పుట్టింటికి ఎప్పుడు వెళ్లావు, ఫోన్ ఎవరి ముందు మాట్లాడతావు అని అడగాలి. నా చేతిలో ఉన్న ఒక కేసు వచ్చే వాయిదాలో కౌన్సెలింగు దశకు వస్తుంది. ఆమె వాంగ్మూలాన్ని భర్త లేనప్పుడు తీసుకోవాలని, 2006 నిబంధనను చూపిస్తూ అతని సాకులు నమోదు చేయకూడదని మెమో వేయబోతున్నాను.

గోరువంక

పెద్దల సంఘం విషయంలో నా అభిప్రాయం మారలేదు. అందరూ ఒకేలా ఉండరు. అయితే మంజీర గారు రాసిన కాగితాల లాంటివి నేనూ రాయించాను, ఇద్దరి చేతా. ఎన్ని రాయించానో లెక్క వేసుకుంటున్నాను.

మంజీర

తుంగభద్ర గారూ, ఇలా అయితే నేను అంత గట్టిగా వ్యతిరేకించను. కానీ పాలపిట్ట గారిని ఒకటి అడగాలి. మీరు ఆమెకు ఫోన్ చేస్తామన్నారు. నా ఫోన్ ఆయన చేతిలో ఉండేది. మీరు చేసి ఉంటే ఆయనే ఎత్తేవారు.

పాలపిట్ట

మీరు అడిగింది సరైన ప్రశ్న. ఇక్కడ కూడా ఫోన్ కుదరని స్త్రీలు ఉంటారు. అప్పుడు ఆమె ఒక్కతే వెళ్లగలిగే చోటు ఏదని మొదటి రోజే అడుగుతాం. పిల్లల బడి, ఆసుపత్రి, కొందరికి గుడి. అక్కడికే వెళ్లి కలుస్తాం. మీకు అప్పట్లో అలాంటి చోటు ఏదైనా ఉండేదా?

మంజీర

అంగన్‌వాడీ. చిన్నవాణ్ణి దింపడానికి రోజూ తొమ్మిదింటికి వెళ్లేదాన్ని, పది నిమిషాలు అక్కడే కూర్చునేదాన్ని. ఆ పది నిమిషాలకు మాత్రం ఆయన గడియారం చూసేవారు కాదు. అక్కడ ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్ని.