టీ-55 గొలుసు పట్టా సహజంగా వాలాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (మల్కాజిగిరి):
1971 యుద్ధంలో మన సైన్యం వాడిన టీ-55 ట్యాంకు నమూనాను 1/35 స్కేలులో కడుతున్నాను. విడి లింకులు (గొలుసు ముక్కలు) అతికించిన, చక్రాల చుట్టూ తిరిగే పట్టా కర్రలా బిగుసుకుపోయి, వంచబోతే రెండు చోట్ల విరిగింది. దయచేసి అనుభవజ్ఞులు మార్గం చెప్పగలరు.

జవాబు:
జిగురు పూర్తిగా ఆరేదాకా మీరు ఆగి ఉంటారండీ. స్కేలు అంచుకు ఆనించి లింకులు పేర్చి, నెమ్మదిగా ఆరే ప్లాస్టిక్ సిమెంటు రాసి, సుమారు అరగంట తరువాత, అతుకులు పట్టుకొని ఉన్నా ఇంకా మెత్తగా వంగే దశలోనే చక్రాలకు చుట్టండి. ఈ ట్యాంకుకు పైన ఆధారపు రోలర్లు లేవు కాబట్టి పట్టా చక్రాల మీదికే వాలుతుంది. ఫెండరుకూ (పట్టా పైనుండే మడ్‌గార్డు) పట్టాకూ మధ్య దూది ఉండలు కూరి రాత్రంతా వదిలేస్తే ఆ వంపు నిలుస్తుంది.

మరో జవాబు (సికింద్రాబాద్):
మన ఊరి మే నెల ఎండల్లో అరగంట ఎక్కువే. చివరి లింకును వేలితో కదిపి చూస్తూ ఉండండి. మొదటి, రెండవ చక్రాల మధ్య ఎడం ఎక్కువన్నది మరవకండి. టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) మీది పట్టుకొనే కడ్డీలకు, కిట్‌లోని మందపు ముక్కలకన్నా, కరెంటు వైరులోని సన్నని రాగి తీగ ఎంతో బాగుంటుంది.