ఒక్కడే అన్నీ వాయించి రికార్డ్ చేస్తే డ్రమ్స్ ముందా, గిటార్ ముందా?

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత ఎమిట్ రోడ్స్‌ని ఇష్టపడేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? కాలిఫోర్నియాలోని హాథోర్న్‌లో, అమ్మానాన్నల ఇంటి వెనక షెడ్‌లో నాలుగు ట్రాకుల (నాలుగు వాయిద్యాలనో గొంతులనో విడివిడిగా పట్టే) రికార్డర్ పెట్టుకుని, డ్రమ్స్ నుంచి పియానో దాకా అన్నీ తనే వాయించి, తనే పాడి 1970లో తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చాడు. వింటే బీటిల్స్ ఛాయలు, ముఖ్యంగా మెకార్ట్నీ తరహా బాణీలు కనిపిస్తాయి. నాకైతే ఆ పోలిక అతనికి మేలు కన్నా కీడే చేసిందనిపిస్తుంది. డన్‌హిల్ అనే రికార్డుల కంపెనీతో ఒప్పందం ప్రకారం ఆరు నెలలకో ఆల్బమ్ ఇవ్వాలట. ఒంటరిగా చేసేవాడికి అది అయ్యే పనేనా? ఆలస్యమైందని దావా కూడా వేశారు. 1973లో ఆ కంపెనీకి చేసిన మూడో ఆల్బమ్ తర్వాత మళ్లీ 2016 దాకా కొత్తది రాలేదు. 2020లో పోయాడు.

అసలు సంగతికొస్తాను. నేనూ ఇంట్లో లాప్‌టాప్ మీద ఆ పద్ధతిలో ఒక పాట చేస్తున్నాను. క్లిక్ (లయ తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం) వింటూ మొదట డ్రమ్స్ వాయిస్తే ప్రాణం లేనట్టుంది. గిటార్ ముందు వాయిస్తే, కోరస్ దగ్గర డ్రమ్స్ జారిపోతున్నాయి. తాత్కాలికంగా గిటారు, గొంతు పెట్టుకుని డ్రమ్స్ వాయించి, తర్వాత వాటిని తీసేసేవాళ్లున్నారా? బేస్ గిటార్ ఎప్పుడు వాయిస్తారు? ఇంకోటి, కావాలనే నాలుగు ట్రాకులకే పరిమితమై డ్రమ్స్, బేస్ కలిపి ఒకే ట్రాక్‌గా బౌన్స్ చేస్తే పాట బాగుపడుతుందా, ఊరికే తలనొప్పా? చేసి చూసినవాళ్లు చెప్పండి.