సమస్య: ‘మంచిమాట వినిన మనిషి చెడును’

నిర్వాహకుడు:
ఈ వారం పాదం పైనే ఉంది. ఎప్పటిలాగే అది నాలుగో పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. పొద్దున్నే ఫోన్ తెరిస్తే సూక్తులు వరదలా వచ్చి పడుతున్నాయి. అన్నీ నిజమే, అన్నీ బాగున్నాయి, కానీ చదివి దండం పెట్టి మధ్యాహ్నానికల్లా మళ్లీ అదే కోపం, అదే ఈర్ష్య. ఆ బాధలోంచి వచ్చిన పాదమిది. ఒక్క మనవి. మూడో పాదంలో ‘ఇట్లు పలుకుట కల్ల’ అని పెట్టేసి గట్టెక్కడం వద్దు, పోయినసారి చాలా పూరణలు అలాగే వచ్చాయి.

పాతకాపు:
పెద్దలన్నమాట పెడచెవిన బెట్టి
పొగడువారి చెలిమి పొందగోరి
ముఖముమీద పలుకు మురిపాల తేనెల
మంచిమాట వినిన మనిషి చెడును

మంచిమాట అంటే ముఖస్తుతి అని తీసుకున్నాను. మనల్ని మెచ్చుకునేవాడి మాట చెవికి ఎప్పుడూ మంచిగానే ఉంటుంది, అందుకే దాన్ని పోల్చుకోవడం కష్టం. తిట్టినవాడు చెప్పినదాంట్లో నిజమెంతో వెతుక్కోవడం నాకు ఆలస్యంగా అబ్బింది.

గురులఘువు:
భావం చాలా బాగుంది, రెండో పాదం ధార ఇంకా బాగుంది. కానీ మొదటి పాదం చివర చూడండి. ‘పెడచెవి’ దాకా నాలుగు లఘువుల నల గణం సరే, ఆ తర్వాత ‘నబెట్టి’ అని ఇక్కడ చెల్లని జగణం (లఘువు, గురువు, లఘువు) పడింది. ‘పెడచెవినం బెట్టి’ అనాలి. ఒక్క సున్న జారింది. అందరికీ గణాలు నేర్పే మీ పద్యంలోనే, అదీ మొదటి పాదంలోనే జారడం నాకు నచ్చలేదు.

కలంకారి:
సున్న జారిందన్న మాట సరిపోయేది కదండీ, తర్వాతి వాక్యం ఎందుకు? ద్రుతం, అంటే మాట చివరి నకారం, సున్నగా రావాల్సిన చోటు అది, చేత్తో రాసేటప్పుడు మనందరికీ జారుతుంది.

పాతకాపు:
పరవాలేదమ్మా. సున్న నాదే, తప్పూ నాదే. దిద్దుకుంటాను. గురులఘువుగారి పూరణ కోసం చూస్తున్నాను.

గురులఘువు:
చెవుల వినగ నేమి చేతల లేకున్న
విన్నదెల్ల నీట విడిచినట్లు
పుస్తకాలు చదివి పొగరెక్కి తిరిగెడి
మంచిమాట వినిన మనిషి చెడును

విరుపులూ చమత్కారాలూ ఏమీ చేయలేదు, నిర్వాహకులు చెప్పిన బాధనే నేరుగా పట్టుకున్నాను.

పాతకాపు:
గణాలు, యతులు అన్నీ చక్కగా ఉన్నాయి. ‘నీట విడిచినట్లు’ దగ్గర ఆగిపోయాను, అంత పని చేసింది ఆ మాట. అన్వయం ఒక్కటి చూడండి. ‘తిరిగెడి’ అనగానే ఆ విశేషణం పక్కనున్న మంచిమాటకు అంటుకుంటోంది. పొగరెక్కి తిరిగేది మనిషి కదా. ‘తిరిగెడి’ తీసి ‘తిరిగిన’ అనండి, తిరిగితే అనే అర్థంలో. గణం మారదు. మంచిమాట విన్నవాడు కూడా పొగరెక్కి తిరిగితే చెడతాడు అని పద్యం నిటారుగా నిలబడుతుంది.

గురులఘువు:
రెండే అక్షరాలతో! ఒప్పుకుంటున్నాను. పొద్దున్నించి పదిసార్లు చదువుకున్నా నాకు ఈ తేడా కనిపించలేదు.

చెట్టునీడ:
ఆలస్యమైంది. నాది కూడా చూడండి.

ఒకరి వలన తెలిసి యొకరికి తెలిపిన
తరుగబోదు తెలివి ధనము వోలె
నీరు మురికినట్లు నిలువెల్ల కడుగును
మంచిమాట, వినిన మనిషి చెడును

కలంకారి:
అబ్బ! ఆ ‘చెడును’ క్రియ కాదన్నమాట. మనిషిలో ఉన్న చెడు, దానికి ద్వితీయా విభక్తి! నీళ్లు మురికిని కడిగినట్టు మంచిమాట తనని విన్న మనిషిలోని చెడును కడుగుతుంది. మేమంతా మనిషిని చెడగొట్టే దారులు వెతుకుతుంటే మీరు పాదాన్నే బాగుచేశారు.

నిర్వాహకుడు:
ఈ పాదం ఇచ్చింది నేనే, నాకు మాత్రం ఈ అర్థం తట్టనే లేదు. రాత్రి చదివి మళ్లీ పొద్దున చదివాను. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఇలాంటి విరుపు కోసమే కాచుకుని కూర్చుంటాడు.

గురులఘువు:
విరుపు అద్భుతం, అందులో రెండో మాట లేదు. ‘మురికినట్లు’ దగ్గర మాత్రం క్రియ లేదు. మురికిని ఏం చేసినట్లు?

చెట్టునీడ:
‘కడుగును’ రెంటికీ చెందుతుందని రాశాను. అలా చెల్లదంటే మార్చేస్తాను.

పాతకాపు:
చెల్లుతుంది, మార్చకండి. మాట్లాడేటప్పుడు కూడా ‘వాడు నన్నులాగే నిన్నూ అడిగాడు’ అంటాం, అడగడం రెండుసార్లు చెప్పం. నాకు పై రెండు పాదాలు ఇంకా ఇష్టం. వేమన పద్యాలు అలాగే కదా బతికింది. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేదాకా వాటిని మోసింది ఎక్కువగా జనం నోళ్లే, ఒకరు చెబితే ఇంకొకరు పట్టుకున్నారు. పంచుకుంటే తరిగిపోయేదే అయితే మనదాకా ఒక్కటీ వచ్చేది కాదు.

కలంకారి:
నాది ప్రశ్నోత్తరాల పద్ధతి.

ఎవడు బాగుపడును? యెరిగించుమో యన్న
విననివాని కేమి విధి ఘటిల్లు?
ప్రశ్నలకును బదులు పాదమందున్నది
మంచిమాట వినిన మనిషి, చెడును

గురులఘువు:
రెండు ప్రశ్నలకూ సమస్యలోంచే రెండు జవాబులు తీయడం ముచ్చటగా ఉంది. ‘బాగుపడును’ ద్రుతాంతం, దాని తర్వాత అచ్చు వస్తే మధ్యలో ‘య’ చేరే యడాగమం రాదు. ‘బాగుపడునొ యెరిగించుమో యన్న’ అంటే పీడ పోతుంది.

కలంకారి:
మార్చుకున్నాను, ధన్యవాదాలు. ఈసారి ఒక్క వాక్యంతో ఆపారు, అది కూడా గమనించాను.

చెట్టునీడ:
యడాగమం అనగానే గుర్తొచ్చింది, ‘కోపమున్నవాడె గురువు నాకు’ అన్న సమస్యకి పాతకాపుగారి పూరణ మీద పెద్ద గొడవ జరిగింది కదా. మూడో పాదం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

ఓర్పు నేర్పినట్టి యుపకారి యాతండు
కోపమున్నవాడె గురువు నాకు

‘ఓర్పు’లోని ఓకారానికి ‘యుపకారి’లోని ఉకారం జత కుదరదని, దాన్ని గురులఘువుగారు యతిభంగం అన్నారు. మీరిద్దరూ ఆ తర్వాత నెల రోజులు ఒకరి పద్యం కింద ఒకరు రాయలేదు.

గురులఘువు:
ఆ సంగతి నేనే ఎత్తాలనుకుంటున్నాను. ఓకారానికి ఉకారం చెల్లుతుంది, నేను అన్నది తప్పు. అప్పుడే తెలిసింది, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కానీ ఆ పద్యం నన్ను వదల్లేదు.

మొన్న రాత్రి మావాడికి లెక్కలు చెబుతున్నాను. భాగహారంలో అదే తప్పు మూడోసారి చేశాడు. నోరు తెరిచాను. వాడు అప్పటికే రబ్బరు తీసుకుని చెరుపుతున్నాడు, చెరిపిన చోటే మళ్లీ చెరుపుతున్నాడు, కాగితం చిరిగింది, నా మొహం వైపు చూడటం లేదు. నేనింకా ఏమీ అననే లేదు! అంటే నేను అరుస్తానని వాడి వేళ్లకి ముందే తెలుసు. తిక్కనగారి ‘ఒరులేయవి’ పద్యం నాకు బడిలో చదువుకున్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఇతరులు మనకు చేస్తే ఏది బాధ అనిపిస్తుందో అది మనం ఇతరులకు చేయకూడదని ఎన్నిసార్లు అప్పజెప్పానో లెక్కలేదు. ఆ రాత్రి ఆ చిరిగిన కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, అది నాకు నోటికి మాత్రమే వచ్చని. మీ సున్న మీద అలా రాసిన చేయి కూడా నాదే, పాతకాపుగారూ. క్షమించండి.

పాతకాపు:
అయ్యా, ఆ నెల రోజులు మౌనంగా ఉన్నది మీరొక్కరే కాదు, నేను కూడా. ఓర్పు గురించి పద్యం రాసి, దాన్ని తప్పన్నవాడి మీద అలిగి కూర్చున్నాను. మీరు పట్టుకుంటారన్న టెన్షన్‌తోనే ఒక్కో పాదం నాలుగుసార్లు గణించుకునేవాడిని, దానివల్ల నా పద్యం బాగుపడింది. సుమతీ శతకం ఎవరు చెప్పినా వినమంది, వినగానే తొందరపడకుండా నిజమేదో తేల్చుకోమంది. నేను మొదటి సగం కూడా చేయలేదు. పిల్లవాడితో తర్వాత ఏం చేశారు?

గురులఘువు:
కొత్త కాగితం ఇచ్చి పక్కన కూర్చుని, అదే లెక్క నేను చేశాను. మధ్యలో ఒకచోట తప్పు చేశాను, వాడే చూపించాడు.

కొత్తచిగురు:
నమస్కారమండీ. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మొదటిసారి. రెండు పాదాలు వచ్చాయి, మూడోది కుదరడం లేదు. తప్పులుంటే చెప్పండి.

అమ్మ నుడివినపుడె యాలించి యుండిన
ఇన్ని తిప్పలేల యిపుడు నాకు

కలంకారి:
తప్పులేమీ లేవు తల్లీ. రెండో పాదం మాట్లాడినట్టే ఉంది, పద్యంలో అలా రావడం అంత తేలిక కాదు.

గురులఘువు:
చాలా బాగుంది. మూడోది ‘చెవికె గాని మనసు’ అని ఎత్తుకుని చూడండి. తర్వాతి సగం మీకే వస్తుంది, తొందరేం లేదు.

కొత్తచిగురు:
గంట నుంచి కూర్చున్నాను. ‘చేరనీయక’ దాకా వచ్చి ఆగిపోయాను, గణం చాలడం లేదు.

పాతకాపు:
దగ్గరికి వచ్చేశారు. ‘చేరనీయకయున్న’ అనండి.

కొత్తచిగురు:
అమ్మ నుడివినపుడె యాలించి యుండిన
ఇన్ని తిప్పలేల యిపుడు నాకు
చెవికె గాని మనసు చేరనీయకయున్న
మంచిమాట వినిన మనిషి చెడును

దీన్ని నా పద్యం అని చెప్పుకోవచ్చా?

నిర్వాహకుడు:
నిస్సందేహంగా. నాలుగో పాదం నేనిచ్చానని మిగతావాళ్ల పూరణలు నావి అయ్యాయా?

గురులఘువు:
గణాలు రెండుసార్లు చూశాను. నాలుగు చోట్లా యతి కుదిరింది.