సమస్యాపూరణం: "దెబ్బ తినెడువాఁడె తెచ్చు గెలుపు"

పృచ్ఛకుడు, ముక్తేశ్వరం:
ఈ వారపు సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం. క్లాష్ రాయల్ అనే ఫోను ఆటలో బంటులను దింపడానికి ఖర్చుపెట్టే, చుక్క చుక్కగా చేరే శక్తిని ఎలిక్సిర్ అంటారు; అందులో మూడు చుక్కలకు దిగే నైట్ అనే కాలిబంటు విలువను తూచి చూస్తూ దీనిని పూరించవలసిందిగా కోరుతున్నాను. మన పిల్లలు ఇలాంటి పాత్రను ట్యాంకు అంటారు. ఎదుటివారి దెబ్బలను తన ఒంటిమీద వేయించుకొని వెనుక నిలిచినవారిని కాపాడటం దాని పని. దెబ్బ తిన్నవాడు ఓడినవాడని లోకం అనుకుంటుంది కనుక ఇక్కడ విరోధం ఉన్నది, అది మొదటి మూడు పాదాలలోనే తీరాలి. గసడదవాదేశం చేసి "దెచ్చు" అని వ్రాసినా అంగీకరిస్తాను.

అమలాపురం సభ్యుడు:
వరదపోటు నాపి వరిచేలఁ గాచెడు
నేటిగట్టు వోలె నెదురు నిలిచి
వెనుక నున్నవారి విండ్లకు వేళిచ్చి
దెబ్బ తినెడువాఁడె తెచ్చు గెలుపు

పృచ్ఛకుడు:
పూరణ చాలా బాగున్నదండీ. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడిన రాత్రి గట్టు మీద ఇసుక బస్తాలు మోసినవారికి ఈ ఉపమానం వేరే చెప్పనక్కరలేదు. గట్టు వరదను చంపదు, దారి తప్పకుండా సముద్రానికి నడిపిస్తుంది. ఈ బంటు కూడా ఎదుటి దండును ఒంటరిగా మట్టుపెట్టలేడు గాని, వెనుక ఉన్న ఆర్చర్లు బాణాలు వేసేటంత సేపు దానిని తన దగ్గరే నిలిపి ఉంచుతాడు. "వేళిచ్చి" అన్న మాటలో అతని విలువంతా ఉన్నది. "నేటిగట్టు" అన్నచోట మాత్రం మీరు ఉద్దేశించినది ఏటిగట్టే అయినా, నుగాగమం వల్ల "ఈనాటి గట్టు" అనే అర్థం కూడా తోస్తున్నది. అది వ్యాకరణ దోషం కాదు, కానీ చదివేవాడు ఒక క్షణం ఆగుతాడు.

భీమవరం సభ్యుడు:
ప్రాణ మెక్కుడైన బలశాలి యొక్కఁడే
కోట ముందు నిలిచి కొట్టుచుండు
శత్రుసేన లెల్లఁ బరువెత్తి పోవంగ
దెబ్బ తినెడువాఁడె తెచ్చు గెలుపు

పృచ్ఛకుడు:
మూడవ పాదంలో యతి భంగమైనది; "శ"కు "బ"తో మైత్రి లేదు. "బరువెత్తి పోవంగ" బదులు "జడిసి పాఱఁగ నిట్లు" అంటే యతి కుదురుతుంది గాని, అసలు లోపం అంతకంటె లోతుగా ఉన్నది. మొదటి మూడు పాదాలలో మీ వీరుడు ఒక్క దెబ్బ కూడా తినలేదు, అందువల్ల సమస్య పాదం అతుకు వేసినట్లు విడిగా నిలిచిపోయింది. బంటు ఎంత దెబ్బకు తాళగలడో చెప్పే ప్రాణాల అంకె ఒక్కటే చూసి ట్యాంకును మెచ్చుకొనేవారు చేసే పొరపాటే ఇది. ఆ ప్రాణాలు ఎవరి దెబ్బకు, ఏ చోట, ఎంతసేపు ఖర్చయ్యాయో చూడాలి.

నరసాపురం సభ్యురాలు:
మూఁడుచుక్క లిచ్చి మొనకుఁ బంపినవాని
నైదుచుక్క లొడ్డి యరియె మొత్త
మిగులు రెంటితోడ మెఱుపుదాడికిఁ బూన
దెబ్బ తినెడువాఁడె తెచ్చు గెలుపు

పృచ్ఛకుడు:
లెక్కను పద్యంలో ఇమిడ్చిన తీరుకు అభినందనలమ్మా. ప్రిన్స్ అనే గుర్రపు రౌతుకు ఐదు చుక్కలు ఖర్చవుతాయి, అతడు గుర్రాన్ని దౌడు తీయించి పొడిచే మొదటి పోటుకు రెట్టింపు బలం ఉంటుంది. ఆ పోటును నైట్ భరించి, శత్రువును కొట్టే మన కోట బురుజు సాయంతో అతనిని కూల్చితే రెండు చుక్కలు మనకు మిగులుతాయి. మామూలు వేళలో ఒక చుక్క చేరడానికి 2.8 సెకన్లు పడుతుంది కనుక, ఆ మిగులు 5.6 సెకన్ల ముందంజతో సమానం. నా దృష్టిలో ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ.

రాజోలు సభ్యుడు:
ఒక సందేహమండీ. జెయింట్, హాగ్ రైడర్ అనే పాత్రలు బంటులను వదిలి భవనాల మీదికే పోతాయి కదా, నైట్ అడ్డంగా నిలిచినా వాటి దెబ్బ బురుజుకే తగులుతుంది. అప్పుడు మీ సమస్య ఎలా నిలుస్తుంది?

పృచ్ఛకుడు:
నిలవదండీ. ఆ రెండింటి ముందు అతడు కత్తి దూసి కొట్టే బంటే గాని ట్యాంకు కాడు. ఎగిరే బెలూన్‌ను అయితే అతని కత్తి అందుకోనేలేదు. "వాఁడె" అన్నప్పుడు ఆ "ఎ"కారం తనవైపు తిరిగే శత్రువు ఉన్నంతవరకే చెల్లుతుంది. ఆ హద్దును ఏ పూరణా పట్టించుకోలేదని ఒప్పుకుంటున్నాను.

భీమవరం సభ్యుడు:
మీ సూచన మేరకు మళ్ళీ వ్రాశాను. శత్రువును నడిమికి లాగితే రెండు బురుజులూ ఒకేసారి కొడతాయన్నది నా అనుభవం.

ప్రాణ మెంతయున్నఁ బని లేదు పోరిలో
కోట నడిమి కడకుఁ గొనుచు వచ్చి
శత్రుసేన నెల్ల జంటబురుజు లేయ
దెబ్బ తినెడువాఁడె తెచ్చు గెలుపు

పృచ్ఛకుడు:
యతి కుదిరింది, విరోధమూ తీరింది. నీటిని గట్టు నడిపించినట్లే మీ బంటు ఇప్పుడు శత్రువును నడిపిస్తున్నాడు. స్వీకరించాను.