అవిసె కారప్పొడి ఎండాకాలంలో పాడవకుండా ఎలా?

బేగంబజార్ నుంచి తెచ్చిన అవిసె గింజలు నెలల తరబడి బాగానే ఉంటాయి. పొడి కొడితే మాత్రం హైదరాబాద్ మే ఎండలకు త్వరలోనే పాత నూనె వాసన, చేదు. కారణం తెలిసిందే: అవిసె గింజల కొవ్వులో సగానికి పైగా ఏఎల్ఏ అనే ఒమేగా-3, గాలీ వేడీ తగిలితే చెడుతుంది. గింజలు నలక్కుండా మింగితే అరగవు కాబట్టి పొడి తప్పదు. రోజుకు టేబుల్ స్పూను, అంటే 7 గ్రాములు తింటే సుమారు 1.6 గ్రాముల ఏఎల్ఏ అందుతుంది.

సన్న సెగపై చిటపటలాడగానే దించడం, చల్లారాక మిక్సీ ఆపి ఆపి తిప్పడం, గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టడం వరకు సరే. చిక్కంతా వెల్లుల్లి, చింతపండు తడితోనే. అవి ఏ దశలో వేస్తున్నారు? వెల్లుల్లి విడిగా ఉంచి తినేముందు దంచి కలపడమే మేలా? పచ్చి గింజల పొడిని డీప్ ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లుంటే రుచి ఎలా ఉంటుందో చెప్పండి. ఒమేగా-3 క్యాప్సూల్స్ సలహాలు మాత్రం వద్దండీ.