అప్పుడప్పుడూ కనిపించే మెల్లకన్నును సర్వేలో ఎలా లెక్కించాలి?

6 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో మెల్లకన్ను ఎంతమందికి ఉందో తేల్చే సర్వే ఇది. సుమారు 3 శాతం ఉంటుందని అనుకుని, 1 శాతం అటూ ఇటూ తేడాకు, 95 శాతం నమ్మకంతో లెక్కేస్తే 1,118 మంది కావాలి. పిల్లల్ని బడులవారీగా ఎంచుకుంటున్నాం, ఒకే బడి పిల్లలు కొంత ఒకేలా ఉండొచ్చు కాబట్టి 1.5తో గుణించి 1,677 చేశాం.

చిక్కంతా పరీక్ష దగ్గరే. టార్చి వెలుగు కళ్లలో ఎక్కడ మెరుస్తుందో అదొక్కటే చూస్తే చిన్న మెల్ల తప్పిపోతుంది. ముక్కు పక్క చర్మపు మడత ఉన్న పిల్లలకు లేని మెల్ల ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే 33 సెంటీమీటర్ల దగ్గర, 6 మీటర్ల దూరాన కవర్ టెస్ట్ (ఒక కన్ను మూసి, రెండో కన్ను కదులుతుందా అని చూడటం) పెట్టాం, కళ్లద్దాలుంటే వాటితోనే.

కొందరికి కన్ను మామూలుగా నిటారుగానే ఉంటుంది. 10 సెకన్లు మూసి తీస్తే బయటికి జరిగి, కాసేపటికి గానీ సర్దుకోదు. అదీ దూరం చూసేటప్పుడే. వీళ్లను మెల్లకన్ను కింద వేయాలా, దాగి ఉన్న మెల్లగా (కన్ను మూసినప్పుడే బయటపడేది) విడిగా రాయాలా? కలిపితే శాతం పెరుగుతుంది, వదిలేస్తే చికిత్స అవసరమైన పిల్లలే జారిపోతారు. ఇలాంటి సర్వే చేసినవాళ్లు ఏ హద్దు పెట్టుకున్నారు? ఇద్దరు పరీక్షకుల మధ్య తేడా రాకుండా ఏం చేశారు? దయచేసి వివరంగా చెప్పండి.